పలకని సర్వర్

"ఏమోయ్, బుజ్జిదాని ఈత బట్టలెక్కడ?" అని మా ఆయన ఫోను. ఆదివారం మధ్యాహ్నం ఆఫీసులో ఒక్కదాన్నే ఉన్నాను. "వరండాలో, తీగ మీద. మీ కళ్ళెదురుగానే!" అన్నాను. నవ్వేశాడు. ఆ నవ్వంటే నాకు ప్రాణం, వచ్చిన చిక్కల్లా అదే. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూ, మూయకూడని విండో మూసేశాను.

కంపెనీ రూటర్లూ స్విచ్‌లూ అన్నీ ఒకచోటి నుంచి చూసుకునే సాఫ్ట్‌వేర్ అది. ఎవరిని లోపలికి రానివ్వాలో ఇన్నాళ్ళూ తనే తేల్చుకునేది. ఇకమీదట తన బయట, పక్కగదిలో ఉన్న ఇంకో సర్వర్‌ని అడగాలి. ఆ మార్పు చేసేటప్పుడు ఒక విండోలో లోపలే ఉండి, రెండో విండోలో లాగిన్ అవుతోందో లేదో చూసుకోవాలి. అయ్యేదాకా మొదటిది మూయకూడదు. నేను మూసేశాను. పైగా, మా పేర్లు ఎక్కడ వెతకాలో చెప్పేచోట వేరే శాఖను ఎంచుకున్నట్టున్నాను, ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ సర్వర్ "ఈ మనిషెవరో నాకు తెలీదు" అంటోంది.

"ఇల్లూ పిల్లా ఉన్నదానివి, ఆదివారం పని నీకెందుకమ్మా? ఇంకెవరికైనా ఇస్తాలే" అని ఈ పని అడిగిన రోజే అన్నాడు మా మేనేజరు. పట్టుబట్టి తెచ్చుకున్నాను. రేపు పొద్దున ఎవరూ లోపలికి రాలేకపోతే ఈ జన్మకి నాకిలాంటి పని మళ్ళీ ఇవ్వరు.

అత్యవసరానికని సాఫ్ట్‌వేర్‌లోనే ఒక సొంత ఖాతా ఉంచాను. కానీ అందులో తిరకాసుంది. బయటి సర్వర్ ఏదో ఒక జవాబు చెబుతున్నంతసేపూ, అది "కాదు" అన్నా సరే, సాఫ్ట్‌వేర్ తన సొంత ఖాతాల వైపు కన్నెత్తి చూడదు. అటునుంచి ఉలుకూ పలుకూ లేకపోతేనే చూసుకుంటుంది. లేచి పక్కగదిలోకి వెళ్ళి, ఆ సర్వర్‌కి వెళ్ళే కేబుల్ లాగేశాను. వచ్చి ఆ సొంత ఖాతాతో మళ్ళీ ప్రయత్నించాను. కాసేపు తటపటాయించి, లోపలికి రానిచ్చింది. హమ్మయ్య!

తప్పు దిద్దుతుంటే అత్తయ్య మాట గుర్తొచ్చింది. "మా కోడలు లేకపోతే ఈ ఇంట్లో చెంచా కూడా దొరకదమ్మా" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి మురిసిపోతుంది. పెళ్ళయిన కొత్తలో నేనూ పొంగిపోయాను. స్నానం చేస్తూ పలికాను, జ్వరంలో పలికాను, మీటింగుల్లోంచి బయటికొచ్చి మరీ పలికాను. ఎలా దొరుకుతుంది చెంచా, అడగ్గానే నేను పలుకుతుంటే!

ఫోను మోగింది. అత్తయ్య. చెయ్యి దానంతటదే వెళ్ళింది. వెనక్కి లాక్కున్నాను. ఆగి, మళ్ళీ మోగి, ఊరుకుంది. కాసేపటికి ఆవిడ గొంతుతో మెసేజ్ వచ్చింది. "ఒసేయ్, ఫోనెత్తవేం? చక్కెర డబ్బా కోసం చేశాలే. దొరికింది. ఇక్కడే, పొయ్యి పక్కనే ఏడ్చింది!" ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను. ఆ మనిషంటే నాకు ఎంతిష్టమో!

కేబుల్ తిరిగి పెట్టాను. రెండో విండోలో లాగిన్ అయింది. అప్పుడు మూశాను మొదటిది. పనైపోయింది, ఇక ఇంటికి వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. కాఫీ కలుపుకొచ్చి, ఎదురు కుర్చీ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

మళ్ళీ ఫోను. ఈసారి మా ఆయన. తెర మీద ఆయన నవ్వుమొహం. దాన్ని చూస్తూ, ప్రేమగానే, మోగనిచ్చాను.