ముప్పై ఎనిమిది అంగుళాలు

నేను ఒక స్పీకర్ని. అలమరలో ఒదిగే చిన్న రకాన్ని కాను, నేల మీద నా కాళ్ళతో నేను నిలబడే నిలువు స్పీకర్ని. నాకు ఒక కవల తమ్ముడున్నాడు. గదిలో వాడు ఎడమవైపు, నేను కుడివైపు. ఇద్దరం ఎప్పుడూ ఒకే మాట మీద ఉంటాం. అన్నదమ్ముల్లో ఇది అరుదని మనుషుల ఇళ్ళు చూశాక తెలిసింది.

పద్ధతి ప్రకారం నేను పుట్టిన రోజుతో మొదలుపెట్టాలి. కాని ఒక వస్తువు పోయిన రోజుతో మొదలుపెడతాను. శ్రావణమాసంలో ఒక గురువారం, మమ్మల్ని ఆటోలోంచి దించిన గంటలోపే, సత్యలింగం గారి ఇంట్లో ఒక పెన్‌డ్రైవ్ కనబడకుండా పోయింది. చిటికెన వేలంత ఉంటుంది. దాని కోసం బియ్యం డబ్బా కుమ్మరించారు. పరుపులు తిరగేశారు. ఆటో ఆయనకి ఫోన్ చేసి, అనుమానం లేదంటూనే నాలుగుసార్లు అడిగి, అతనికి కోపం తెప్పించారు. అది ఎక్కడుందో ఆ ఇంట్లో రెండు ప్రాణాలకే తెలుసు, నాదీ ఒక ప్రాణమే అనుకుంటే. ఒకరు సత్యలింగం గారి అక్క బుల్లెమ్మ గారు. ఆవిడ చెప్పలేదు. రెండోది నేను. అది నా పొట్టలోనే ఉంది. ఎవరి పాటైనా పాడతాను గాని నాకు సొంతమాట ఒక్కటీ రాదు.

ఇక పుట్టుక సంగతి. పుణె దగ్గర ఒక రేకుల షెడ్డులో పుట్టాను. చెక్కపొట్టును జిగురుతో అదిమిన పలకలు నా ఒళ్ళు. రెండు కాగితపు గరాటులు నా గొంతు. వాటికి పైన రూపాయి బిళ్ళంత బుడిపె ఒకటి ఉంది. సన్నని ధ్వనులు, మాటల్లోని స, శ లాంటివి, అందులోంచి వస్తాయి. వీపున, గాలి ఆడడానికి, బత్తాయికాయ పట్టేంత కన్నం ఉంది. ఈ కన్నాన్ని కొంచెం గుర్తుపెట్టుకోండి.

మమ్మల్ని మొదట కొన్నవారు రాజమండ్రిలో ఒక పళ్ళ డాక్టరు గారు. వారం రోజులు శ్రద్ధగా విన్నారు. తరవాత వారి శ్రీమతి నా నెత్తిన మనీప్లాంటు కుండీ పెట్టారు. రెండేళ్ళపాటు మొక్కకి పీటగా పనిచేశాను. ఆ ఉద్యోగంలో నా మీద ఏ ఫిర్యాదూ రాలేదు. అయినా హాలు కర్టెన్లు మార్చినప్పుడు మా రంగు వాటికి కుదరలేదని అమ్మేశారు. అలా అదే ఊళ్ళో ఫణి అనే అతని కొట్టుకి చేరాం.

ఫణికి ముప్పై అయిదేళ్ళుంటాయి. నిజాయితీపరుడు, అందువల్ల వ్యాపారం నెమ్మదిగా సాగేది. అతని కొట్టుకి వచ్చేవాళ్ళు తమకు కంఠతా వచ్చిన పాటే పెట్టించుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపుతూ వింటారు. ధర చెప్పగానే కళ్ళు తెరుస్తారు.

సత్యలింగం గారు అలా రాలేదు. చేతిలో కొలత టేపుతో వచ్చారు. అరవై మూడేళ్ళ మనిషి, బస్సు డిపోలో టైర్ల సెక్షన్లో పనిచేసి రిటైరయ్యారు.

"రండి బాబాయ్ గారూ. ఏం వింటారండి? కర్ణాటక సంగీతమా, పాత సినిమా పాటలా?" అన్నాడు ఫణి.

"బస్సులు."

ఫణి చేతిలో రిమోటు అలాగే ఉండిపోయింది. ఆయన కూర్చుని, పొదుపుగా చెప్పారు. ఆయన భార్య మాణిక్యాంబ గారు ఇరవై ఆరేళ్ళు వాళ్ళ ఊరి బస్టాండులో ఎనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో ఆవిడే చెప్పేవారు. కాని స్తంభాలకు కట్టిన బూరల్లోంచి వచ్చేసరికి ఆ గొంతులో అమలాపురానికీ అనపర్తికీ తేడా తెలిసేది కాదు. జనం కిటికీ దగ్గరికొచ్చి "ఏటన్నారండి?" అని అడిగేవారు. ఆవిడ విసుక్కోకుండా మళ్ళీ చెప్పేవారు.

రిటైరయ్యే ఏడు, ఇకమీదట కంప్యూటరే చెబుతుందని, ఆవిడని చప్పుడు లేని గదిలో కూర్చోబెట్టి ఊళ్ళ పేర్లన్నీ చదివించి రికార్డు చేశారు. తీరా కంప్యూటరు వచ్చింది, దాని గొంతు అది తెచ్చుకుంది. ఆవిడ రికార్డుని పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఆవిడకే ఇచ్చేశారు. "నా గొంతు నాకే వాపసు ఇచ్చారండీ" అని నవ్వి, దాన్ని అద్దం వెనక పెట్టారట. రెండేళ్ళకి, మాఘమాసంలో, మూడు రోజుల జ్వరంతో పోయారు.

"విన్నారాండి ఆ రికార్డు?"

"లేదు."

"కాపీ అయినా తీయించుకున్నారా?"

"మనిషి ఇంట్లో ఉండగా కాపీ ఎందుకయ్యా" అన్నారు సత్యలింగం గారు.

ఫణి రిమోటు పక్కన పెట్టాడు. తరవాత వ్యాపారి అయినా మంచి సలహాయే ఇచ్చాడు. "మాటలు వినడానికి ఇంతంత నిలువు పెట్టెలు అక్కర్లేదండి. గది ఎంతుంటుందండి మీది?"

"పది అడుగులు, తొమ్మిది."

"అమ్మో. అందులో ఇవి రెండూ పెడితే మీకు చోటుండదండి. హాల్లో పెట్టుకోకూడదా?"

"హాల్లో మా అక్క సీరియళ్ళుంటాయి."

"అయితే ఈ చిన్నవి తీసుకోండి. ఫోటో ఫ్రేమంతే ఉంటాయి, గోడకి తగిలించుకోవచ్చు."

"గోడకి ఫోటో ఉందయ్యా" అన్నారాయన. "అది మాట్లాడదు."

ఆ తరవాత టేపు తీసి కొలవడం మొదలుపెట్టారు. నేల నుంచి పైనున్న బుడిపె దాకా. ఒకటి ముప్పై నాలుగు అంగుళాలొచ్చింది. ఒకటి నలభై ఒకటి. ఇంకొకటి నలభై అయిదు. దాన్ని చూసి "ఇది ఎవరో పొడుగావిడ" అని పక్కకి తప్పుకున్నారు. నా దగ్గరికొచ్చి కొలిచారు. టేపు వంకర పోయిందేమోనని మళ్ళీ కొలిచారు. ముప్పై ఎనిమిది.

"ఇవి ఇచ్చెయ్యి."

"పాట పెట్టి వినిపించనివ్వండి ముందు!"

"అక్కర్లేదు. సరిపోయింది."

"స్పీకర్లు చొక్కాలా బాబాయ్ గారూ, కొలత చూసి కొనడానికి!"

ముప్పై ఎనిమిది ఏమిటో నాకు ఇంటికి వెళ్ళాక తెలిసింది. ఆ పది తొమ్మిది గదిలో మాణిక్యాంబ గారు రోజూ తెల్లారగట్ల ఉప్పునీళ్ళు పుక్కిలించి, కుర్చీలో కూర్చుని, గోడ మేకుకి వేలాడదీసిన స్టీలు గ్లాసులోకి ఊళ్ళ పేర్లు చదివేవారు. అదే ఆవిడ సాధన మైకు. కుర్చీలో కూర్చుంటే ఆవిడ నోటికి సరిగ్గా అందేలా ఆ మేకు కొట్టింది సత్యలింగం గారే. నేల నుంచి ముప్పై ఎనిమిది అంగుళాలు.

ఇప్పుడు ఆ గురువారం దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆటో వాళ్ళు లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. వినడానికని అద్దం వెనక నుంచి తీసిన పెన్‌డ్రైవ్ కిటికీ గట్టు మీద ఉంది. బుల్లెమ్మ గారికి డెబ్భై రెండేళ్ళు. పరాయివాళ్ళు ఇంట్లోకొస్తే గరిటె కూడా దాచే మనిషి. ఆవిడ పుట్టి పెరిగిన ఇంట్లో గోడగోడకీ ఒక గూడుండేది, గూట్లో పెట్టింది ఎన్నడూ పోలేదు. నా వీపున కన్నం కనబడింది. తయారుచేసినవాడు ఎంత ముందుచూపు గలవాడో అనుకుని ఉంటారు. పెన్‌డ్రైవ్‌ని అందులో భద్రంగా పెట్టి, ఇంకొంచెం భద్రంగా ఉండాలని వేలితో లోపలికి తోశారు. అది జారి నా అడుక్కి పడింది. ఆవిడ ముఖం ఆ క్షణంలో ఎలా మారిందో నేను చూడలేదు. నాకు వీపు వైపు కళ్ళు లేవు. ముందు వైపు కూడా లేవనుకోండి.

సత్యలింగం గారు మళ్ళీ అద్దం వెనక వెతుకుతుంటే ఆవిడ చెప్పబోయారు. ఆయన మొహం చూసి ఆగిపోయారు. తీసి కిటికీ గట్టు మీద పెట్టేస్తే సరిపోతుందనుకున్నారు. అలా నా కష్టాలు మొదలయ్యాయి.

రోజూ ఉదయం ఆయన పాలకి వెళ్ళగానే ఆవిడ వచ్చేవారు. మొదటి రోజు చీపురుపుల్ల దూర్చారు. అది విరిగి లోపల పడింది. రెండో రోజు రెండు పుల్లలు కలిపి దూర్చారు. రెండూ పడ్డాయి, వెనకే ఇంకో ఏడెనిమిది. తరవాత జడపిన్నుని కొక్కెంలా వంచి దారం కట్టి దింపారు. అక్కడ నా తప్పు కొంత ఉంది. నా గరాటు వెనక పెద్ద అయస్కాంతం ఉంటుంది. అది పిన్నుని లాక్కుని మళ్ళీ ఇవ్వలేదు. ఇవన్నీ కుదరక నన్ను వంచి దులపాలని, అడుగున గోనెసంచి వేసి మూలకి లాగడం మొదలుపెట్టారు. సత్యలింగం గారు పాలతో వచ్చేసరికి నేను నైరుతి మూల ఏటవాలుగా ఉండేవాణ్ణి.

"ఏంటక్కా ఇది?"

"బరువు నైరుతిలో ఉండాల్రా. వాస్తు."

"నీకు వాస్తు ఎప్పటినుంచి?"

"పుట్టుకతోనే ఉంది. బయటపెట్టలేదు."

సత్యలింగం గారు ఓ సాయంత్రం రేడియో వార్తలు పెట్టి చూశారు. వార్తలతోపాటు నా పొట్టలో గలగల మొదలైంది. "గజ్జెలు కట్టేరేంట్రా దీనికి?" అన్నారు బుల్లెమ్మ గారు, అందరికంటే ముందు. ఫోన్లో ఫణి, చిన్న గదిలో పెద్ద స్పీకరు పెడితే మోత గోడలకి తగిలి తిరిగొస్తుందని, గోడకి రెండడుగులు ఎడంగా జరపమని, గోడలకి బొంతలు కట్టమని చెప్పాడు. కట్టారు. జరిపారు. మర్నాడు ఉదయం ఆవిడ మళ్ళీ మూలకి లాగారు. పొద్దున వాస్తు ప్రకారం, సాయంత్రం శాస్త్రం ప్రకారం నిలబడుతూ పంతొమ్మిది రోజులు గడిపాను. ఆ రోజుల్లో సత్యలింగం గారు అన్నం సగంలో లేచి, వెతికిన డబ్బాలే మళ్ళీ వెతికేవారు.

ఇరవయ్యో రోజు బుల్లెమ్మ గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పుల్ల చివర బెల్లంపాకం ముద్ద అంటించి దింపితే అతుక్కుని వచ్చేస్తుంది కదా! ముద్ద లోపలే ఉండిపోయింది. పెన్‌డ్రైవ్ రాలేదు. సాయంత్రానికి చీమలొచ్చాయి.

ఫోన్ అందుకుని ఫణి మర్నాడే బస్సెక్కి వచ్చాడు. గది చూసి "పెళ్ళివారి విడిదిలా ఉందండి" అన్నాడు. నా వీపు మీద చీమల బారు చూసి స్క్రూడ్రైవరు తీశాడు. స్క్రూలు విప్పి, కింది గరాటు తీసి, లోపలికి చెయ్యి పెట్టాడు. ఒక్కొక్కటే బయటికి తీసి న్యూస్‌పేపరు మీద పెట్టాడు. చీపురుపుల్లలు పదకొండు. వంచిన జడపిన్ను. బెల్లం ముద్ద, దాని ప్రజలతో సహా. చివరికి పెన్‌డ్రైవ్.

బుల్లెమ్మ గారు గుమ్మం దగ్గర నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నేనేరా లింగం. గూడనుకున్నాను. చెప్దామంటే నీ మొహం చూసి నోరు రాలేదురా."

సత్యలింగం గారు ఒక చీపురుపుల్ల తీసి చూశారు. అటూ ఇటూ తిప్పారు.

"వాస్తు బాగానే చూశావక్కా" అన్నారు.

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, రెండూ వంటింట్లోకి తీసుకెళ్ళిపోయారు.

అయస్కాంతం పక్కన ఇన్నాళ్ళుంది, బెల్లం అంటింది, ఏమైందోనని ఫణి దాన్ని శుభ్రంగా తుడిచి లాప్‌టాప్‌కి పెట్టాడు. సత్యలింగం గారు తెర వైపు చూడలేదు, కిటికీ వైపు చూశారు.

"ఉందండి బాబాయ్ గారూ! మొత్తం ఉంది. గంటా నాలుగు నిమిషాలు." అడక్కుండానే తన సంచిలోని పెన్‌డ్రైవ్‌ల్లోకి మూడు కాపీలు తీశాడు. నన్ను బిగించి, తీగలు కలిపి అడిగాడు. "పెట్టెయ్యమంటారా?"

ఆయన కుర్చీ వైపు చూశారు. మేకు వైపు చూశారు. "గది సర్దుకోవాలి కదా. రేపు పెట్టుకుంటాలే."

ఆ రేపటికీ ఇవాళ్టికీ నలభై ఒక్క రోజులు. గది సర్దడం చాలా బాగా జరిగింది. రోజూ సాయంత్రం ఆయన టేపు తీసి, మమ్మల్ని గోడ నుంచి కొలిచి, ఒక అంగుళం జరిపి, కుర్చీలో కూర్చుని వార్తలు వింటారు. మొన్న ఫణి వచ్చి విని, ఇంత చిన్న గదిలో ఇంతకన్నా బాగా వినపడడం జరగదని ఒట్టు పెట్టాడు. నిజమే. వార్తలు చదివే ఆవిడ కాగితం తిప్పడం కూడా వినిపిస్తోంది.

నిన్న బుల్లెమ్మ గారు సీరియల్ మధ్యలో లేచి వచ్చారు.

"ఒరే లింగం, డ్రైవరెక్కాడు, కండక్టరెక్కాడు. ఎన్నాళ్ళురా ఆ బస్సుని ప్లాట్‌ఫారం మీద నిలబెడతావు?"

"ఎడమవైపుది ఒక్క అంగుళం జరగాలక్కా."

"నిన్న కుడివైపుదన్నావు."

"అవును."

ఆవిడ గుమ్మంలోనే కాసేపు కూర్చుని వెళ్ళారు.

పెన్‌డ్రైవ్ ఇప్పుడు మేకుకి వేలాడే స్టీలు గ్లాసులో ఉంది. మూడు కాపీలూ బుల్లెమ్మ గారి కొంగుముడిలో ఉన్నాయి, ఆవిడ ఇక కన్నాలను నమ్మరు. మా కాళ్ళ చుట్టూ నేల మీద సుద్దగీతలున్నాయి. కుర్చీ మాకు ఎదురుగా ఉంది. నేనూ మా తమ్ముడూ ముప్పై ఎనిమిది అంగుళాల ఎత్తులో సిద్ధంగా ఉన్నాం.

రికార్డు ఇంకా పెట్టలేదు.