ఎల్ఫ్రీడా మోకాలు

మా గానెట్ కోవ్‌లో తలుపు కొట్టి లోపలికొచ్చేవాడు పరాయివాడని లెక్క. పోలీసోడో, జనాభా లెక్కలోడో అయ్యుంటాడు. మిగతావాళ్ళం గడియ తిప్పుకుని లోపలికి పోతాం, పొయ్యి పక్క మంచం మీద కూలబడి "టీ ఉందా?" అంటాం. కెనడా తూర్పు కొసన మా న్యూఫౌండ్‌లాండ్ దీవంతా ఇదే పద్ధతనుకోండి, కానీ మా అంత సిగ్గు లేకుండా ఎవరూ చెయ్యరు.

ఎల్ఫ్రీడా ఇంటికైతే పీతల సీజన్‌లో రోజూ పొద్దున్నే ఏడుగురు సరంగులం పోయేవాళ్ళం. ఆ ఏడుగురిలో పడవ నడపటం వచ్చింది నాకొక్కడికే. మిగతా ఆరుగుర్నీ అడిగితే వేరేగా చెప్తారు. వాళ్ళవన్నీ కోతలు.

ఎల్ఫ్రీడా ముప్ఫై ఏళ్ళు పీతల ఫ్యాక్టరీలో చన్నీళ్ళలో నిలబడి పీతల కాళ్ళు విరిచింది. ఆ తర్వాత కీళ్ళవాతం వచ్చి ఆవిడ కాళ్ళు విరవటం మొదలెట్టింది. మేం వెళ్ళేసరికి కుర్చీలో కూర్చుని, ప్యాంటు పైకి మడిచి, కుడి మోకాలు స్టూలు మీద పెట్టి ఉండేది. వరసగా అరచెయ్యి వేసి చూసేవాళ్ళం.

ఆ మోకాల్లో సముద్రం ఉండేది.

పోటుకి ఉబ్బేది, ఆటుకి తగ్గేది. ఈశాన్యం గాలి రాబోతుంటే చిప్ప కింద ఎడం పక్క వేడెక్కేది. తుఫానైతే చెవి ఆనిస్తే చాలు, అలలు రాళ్ళకేసి కొట్టుకోటం వినపడేది. రేడియోవాడు "ఈరోజు ఎండ" అంటే, మేం మోకాలు పట్టుకు చూసి "వాడి మొహం" అనేవాళ్ళం. పదకొండేళ్ళలో మా ఊరి పడవ ఒక్కటీ మునగలేదు.

వాపు మరీ ఎక్కువైతే క్లినిక్‌లో నర్సు మార్నీ సూదేసి నీళ్ళు తీసేది. అన్నీ ఉప్పునీళ్ళే. ఒకసారి సూదిలోంచి కేప్లిన్ చేపపిల్ల ఒకటి తోకాడిస్తా వచ్చింది. మార్నీ దాన్ని గ్లాసులో వేసి, "పోతాపోతా రేవులో వదిలెయ్," అంది. అంతే.

ఆరోజే చెప్పింది మార్నీ. "కీలు లోపల ఉల్లిపొర లాంటి పొరుంటుందమ్మా. కీలుకి నూనె పెట్టేది అదే. నీ ఒంట్లో కాపలావాళ్ళున్నారే, వాళ్ళు దాన్ని దొంగనుకుని కొడుతున్నారు. దెబ్బలు తిని తిని అది బలిసిపోయింది. ఇప్పుడదే నీ ఎముక తింటోంది."

"సొంతింటి పొరని దొంగనుకున్నారా? అయితే ఆ కాపలావాళ్ళు మా ఊరోళ్ళే," అంది ఎల్ఫ్రీడా.

"నవ్వులాట కాదు. కొత్త సూదిమందుంది. రెండు వారాలకోసారి. కాపలావాళ్ళని కూర్చోబెడుతుంది. తిన్న ఎముక మాత్రం తిరిగి రాదు, తొందరగా మొదలెట్టు."

ఎల్ఫ్రీడాకి ఒకటే కోరిక. ఆగస్టులో కొండ వెనక చిత్తడిలో బేకాపిల్ పళ్ళు పండుతాయి, పసుప్పచ్చగా, నేలకంటుకుని. మోకాళ్ళ మీద కూర్చుని ఏరుకోవాలి. మంచి పళ్ళు దొరికే చోటు మా ఊళ్ళో కట్టుకున్న మొగుడికి కూడా చెప్పరు. ఆవిడ చోటు ఆవిడకే తెలుసు. నాలుగేళ్ళయింది అక్కడికి పోయి.

సూదిమందు సంగతి తెలిసిన రోజు మా ఏడుగురిలో ఒకడు, ఆవిడ తమ్ముడు సెల్బీ, టీ కప్పు కింద పెట్టాడు. "అక్కా, అది వేయించుకుంటే మోకాలు ఊరుకుంటుందిగా? సీజన్ అయ్యాక చూద్దాం. పది వారాలే."

"నీ మోకాలైతే పది నిమిషాలు ఆగుతావా?"

అప్పుడు నేనన్నా, "నొప్పి అలవాటైన మనిషివే కదా ఎల్ఫీ."

నా అంత మాటకారి ఊళ్ళో లేడు కదా. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. సీజన్ అయ్యింది. చలికాలంలో మంచుకి రోడ్డు మూసుకుపోయి మందు రాలేదు. మళ్ళీ సీజన్ వచ్చింది. మళ్ళీ పది వారాలన్నాం. అలా మూడేళ్ళు.

నాలుగో ఏడు ఫిబ్రవరిలో రోడ్డు తెరుచుకోగానే ఎవరికీ చెప్పకుండా సూది మొదలెట్టింది. ఏప్రిల్‌లో మేం పోయి చెయ్యేస్తే మోకాలు చల్లగా, చిన్నగా, చంటిపిల్ల మోకాలులా ఉంది.

"సముద్రం నిద్రపోతోంది, పదండి," అన్నాడు సెల్బీ.

"సముద్రం కాదు, నేను నిద్రపోయాను. రాత్రంతా. సూది వేయించుకున్నా. ఇకనుంచి రేడియో వినుకోండి," అని లేచి, కర్ర లేకుండా నడిచి, మాకు టీ పోసింది.

ఎవరూ తాగలేదు. మూడ్రోజులు రేవులో నిలబడి నీళ్ళవంక చూశాం. సముద్రం అద్దంలా ఉంది. పక్కూరి పడవలు పోయి పీతలు నింపుకుని వచ్చాయి. మేం పడవల తాళ్ళు విప్పలేదు. నాలుగో రోజు టోపీలు చేత పట్టుకుని ఏడుగురం వెళ్ళాం. సెల్బీ ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. "నాన్న పోయింది ఈ నీళ్ళలోనే కదక్కా."

ఎల్ఫ్రీడా పొయ్యిలో ఒక కట్టె తోసింది. "పది వారాలు. ఆ తర్వాత నా మోకాలు నాది," అంది. సూది ఆపేసింది.

ఐదో వారానికి మోకాలు పస్తులున్న కుక్కలా తిరిగొచ్చింది. జూన్‌లో ఒక పొద్దున మేం గడియ తిప్పకముందే ఆవిడ కేక వినపడింది. మోకాలు రొట్టెముద్దంత పొంగి ఉంది. పక్కన నిలబడితేనే హోరు. బయట ఆకాశంలో చిన్న మబ్బు కూడా లేదు.

"ఒక్కడు కదిలినా చంపేస్తా," అంది పళ్ళు బిగబట్టి.

ఆగాం. మధ్యాన్నానికల్లా పడింది తుఫాను. పక్కూరోళ్ళవి రెండు పడవలు తిరిగి రాలేదు. మేం ఏడుగురం ఆవిడ వంటింట్లో టీ తాగుతా ఉన్నాం.

మర్నాడు మార్నీ సూదేసింది. నీళ్ళు రాలేదు, ఇసక వచ్చింది. మార్నీ దాన్ని అరచేతిలో పోసుకుని, "ఇది ఎముకే," అని మావంక చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశా.

సెయింట్ జాన్స్ పట్నంలో పెద్ద డాక్టరు మిగిలిన పొరంతా గీకేసి లోహపు మోకాలు పెట్టాడు. నొప్పి లేదు. గేటు తలుపులా కాలు ముందుకీ వెనక్కీ ఆడుతుంది. నడుస్తుంది. కానీ ఆ మోకాలు మీద బరువాన్చి కూర్చోలేదు. లోహానికి సముద్రం ఏం తెలుసు?

ఆవిడ తిరిగొచ్చిన మొదటి రోజు ఏడుగురం పోయి చెయ్యేశాం. కుండ మీద వేసినట్టుంది. రెండో రోజు నలుగురం పోయాం. తర్వాత సెల్బీ ఫోనులో వాతావరణం చూట్టం నేర్చుకున్నాడు. ఆ పక్కగా పోయినప్పుడు కిటికీలోంచి చూసేవాణ్ణి. పొయ్యి మీద పెద్ద కెటిల్, ఏడుగురికి సరిపడేది, మరుగుతానే ఉండేది.

ఆగస్టులో కొండ వెనక్కి నేనే పోయా. ఆవిడ చోటు నాకు తెలీదు, నా చోట్లో దొరికినయ్యే ఏరా. సగం పచ్చివి. బకెట్ తీసుకుని ఎల్ఫ్రీడా గుమ్మం దగ్గరికొచ్చా. ముప్ఫై ఏళ్ళు తిప్పిన గడియే. చెయ్యి ఎత్తా. అది గడియ మీదకి పోలేదు.

తలుపు కొట్టింది.

లోపల కుర్చీ కదిలిన చప్పుడు. "ఎవరండీ?"

"నేనే ఎల్ఫీ."

అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి.

"నువ్వైతే తలుపెందుకు కొట్టావురా?"

కోతలకి నాకు లోటెప్పుడూ లేదు. తిమింగలాన్ని తోక పట్టి లాగానని చెప్తే నమ్మినవాళ్ళున్నారు. ఆ గుమ్మంలో నిలబడి ఒక్కటంటే ఒక్కటి వెతుక్కున్నా. దొరకలేదు.