ట్యాంకు కింది అతుకు

పాత మోటారుసైకిలని తెలిసే కొన్నాడు టైలరు. కానీ అది మొదటిరోజు నుంచే ఎడమకి లాగడం మొదలుపెట్టింది. చెయ్యి కాస్త వదులైతే చాలు, ముందుచక్రం రోడ్డు అంచుకి పోయేది. రెండోసారి అలా జరిగినప్పుడు వెనక కూర్చున్న భార్య దిగిపోయింది. "ఇది బాగయ్యాకే మళ్ళీ ఎక్కుతాను" అని పనికి బస్సులో పోసాగింది.

అక్కణ్ణుంచి మనవాడికి పంతం పట్టుకుంది. టైర్లు మార్చాడు, బేరింగులు మార్చాడు, ముందు ఫోర్కులు రెండూ కొత్తవి వేయించాడు. బండి కొన్నదానికి రెట్టింపు డబ్బు నీళ్ళలా ఖర్చయింది. "చట్రమే ఎక్కడో దెబ్బతినుంటుందన్నా, పాతసామాన్లకి వేసెయ్" అన్నాడు మెకానిక్. ఆ మాట టైలరు చెవికెక్కలేదు. పైవాటాలో ఉండే బావమరిది మాత్రం, "బావా, బండి నిన్ను మోస్తోందా, నువ్వే దాన్ని మోస్తున్నావా?" అని నలుగురిలో నవ్వాడు. ఆ నవ్వు గుండెల్లో గుచ్చుకుంది.

నిన్న వెనకచక్రం కాస్త పక్కకి జరిపించాక బండి తిన్నగా నడిచింది. "నా పూచీ లేదన్నా" అన్నాడు మెకానిక్. ఇంటికొచ్చి భార్యతో, "రేపట్నుంచి నీకు బస్సు బాధ తప్పింది" అన్నాడు టైలరు. ఆవిడ నమ్మింది. ఆయన వేసిన కుట్టు ఊడటం ఆవిడ ఎన్నడూ చూడలేదు మరి.

పొద్దున్నే బండి తుడుస్తుంటే ట్యాంకు కింద వేలు ఆగింది. చిరుగులు కనబడకుండా ముప్పై ఏళ్ళు రఫూ చేసిన వేలది, పొరపడదు. గోటితో గీరితే నల్లరంగు పెచ్చు లేచింది. కింద వెల్డింగు అతుకు, దాని పక్కనే వెంట్రుకంత పగులు. విరిగిన చట్రాన్ని ఎవరో అతికి, రంగేసి అమ్మారు. రఫూ చేసిన కోటు ఇచ్చేటప్పుడు ఆయన ఎప్పుడూ, "చెయ్యి పైకెత్తకండి, పిగులుతుంది" అని చెప్పి మరీ ఇచ్చేవాడు.

"ఏం బావా, ఇవాళైనా అక్కని ఎక్కిస్తావా, మళ్ళీ బస్సేనా?" పైనుంచి బావమరిది గొంతు.

అప్పుడే నిజం చెప్పేస్తే పోయేది. నవ్వితే నవ్వేవాడు, నవ్వు ఎవరి ప్రాణమూ తియ్యదు. మన మహానుభావుడు లోపలికెళ్ళి నల్లరంగు డబ్బా తెచ్చాడు. పగులు మీద సన్నగా, ఓపిగ్గా రాశాడు.

భార్య సంచీ భుజాన వేసుకుని వచ్చింది. "నిజంగా బాగైందా అండీ?"

"భేషుగ్గా ఉంది. ఎక్కు."

ఆవిడ వెనక కమ్మీ కూడా పట్టుకోలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని నిశ్చింతగా కూర్చుంది. వీధి చివర గుంతలో చక్రం పడగానే టైలరు మోకాలి పక్కన టిక్కుమంది.

"ఏంటా చప్పుడు?"

"కొత్త బేరింగులు. సర్దుకుంటాయిలే" అని, లారీలు పోయే పెద్దరోడ్డు మీదికి బండి తిప్పాడు.