అభ్యంతరం ఉన్నవారు

"రేడియో స్టేషన్‌తో పాటు నీ గొంతు కూడా ఇచ్చేస్తున్నానని కొనేవాళ్లకి చెప్పాను," అన్నాడు మొగుడు వెర్లిన్, తిన్న పళ్లెం ఆర్లిస్ వైపు జరుపుతూ.

ఆర్లిస్ పళ్లెం తీసుకుని కడగసాగింది. వాషింగ్టన్‌లో కొత్త చట్టానికి బిల్లొకటి రాబోతోందట. రేడియో స్టేషన్లు, కేబుల్, టెలిఫోను కంపెనీలు, ఎవరైనా ఎన్నైనా కొనుక్కోవచ్చట. అది రాకముందే పట్నం కంపెనీవాళ్లు ఈ అయోవా పల్లెలో వాలిపోయారు. ఆమె వంటల ముచ్చట్లు టేపుల్లో నింపుకుని ఏడు ఊళ్లలో వేసుకుంటారట.

"ఇంక హాయిగా ఇంట్లో కూర్చో. అంతకంటే ఏం కావాలే నీకు?"

ఏం కావాలో, రేడియోలో మాట్లాడిన ఈ ఇరవయ్యారేళ్లలో అడిగిందెవరు గనక! స్టేషన్ యజమాని భార్యకి జీతమెందుకూ? "వాగడానిక్కూడా జీతమిస్తే మా కోడలు ఈపాటికి కోటీశ్వరురాలయ్యేది," అనేది అత్తగారు. అందరూ నవ్వేవారు. సిగ్గు లేకుండా ఆర్లిస్ కూడా నవ్వేది.

అయినా ఎంత బాగుండేవి ఆ రోజులు! ఎనిమిదిళ్లకి ఒకటే టెలిఫోన్ లైను, ఒకరు మాట్లాడితే అందరికీ వినబడేది. పుల్లటి రూబార్బ్ కాడలతో చేసే 'పై' అనే తీపి వంటకానికి పంచదార ఎంతో ఆమె చెప్పీ చెప్పకముందే, "అంత పోస్తే పాకమవుతుందే తల్లీ!" అని ఊళ్లోంచి డెలోరిస్ ఫోను. అదే లైన్లో చెవులు రిక్కించుకున్న డెలోరిస్ పక్కింటావిడ, "నువ్వు చేసే పై సంగతి ఎవరికి తెలీదులే, ఇటికరాయి!" అనేది. ఆ తగువు రేడియోలో ఊరంతా వినేది. చావు కబుర్లు కూడా ఆర్లిసే చదివేది. వాటిల్లో ఆడది పోయినా మొగుడి పేరే, మిసెస్ హెరాల్డ్ బ్రాండ్ అని. ఓసారి ఉండబట్టలేక, "ఆవిడ పేరు విల్మా," అని కలిపింది. వెర్లిన్ రెండ్రోజులు మూతి ముడుచుకున్నాడు. ఆడవాళ్లు మాత్రం ఫోన్లు చేసి తమ పేర్లు రాయించుకున్నారు, "నేను పోయినప్పుడు మర్చిపోకేం," అంటూ. టేపుకి ఫోన్ చేసి ఎవరు రాయించుకుంటారు? ఆ తలపుకే ఆమెకి ఏడుపొచ్చింది.

అమ్మకం సంగతి రేడియోలో ప్రకటించి, అభ్యంతరాలుంటే ప్రభుత్వానికి రాయమని చెప్పాలన్నది రూలు. "పందుల మార్కెట్ ధరలు చదివేటప్పుడు మధ్యలో గబగబా గొణిగెయ్," అని వెర్లిన్ కాగితం చేతిలో పెట్టాడు.

పందుల ధరలు అయిపోయాయి. కాగితం ఆమె ఒళ్లోనే ఉంది. తొమ్మిదింటికి తన కార్యక్రమం మొదలుపెట్టి, అప్పుడు తీసింది. స్టూడియో అద్దానికవతల వెర్లిన్ చేతులూపుతున్నాడు.

"అభ్యంతరం ఉన్నవారు ఈ చిరునామాకి రాయవచ్చు," అని చదివి, ఆగింది. "తొందరేం లేదమ్మా, పెన్సిల్ తెచ్చుకోండి. మెల్లగా మళ్లీ చెబుతాను. నా ఉత్తరం నిన్ననే పోస్టులో వేశాను."