పిడికెడు బియ్యం డబ్బా

మధ్యాహ్నానికి కారు వస్తుంది, అంతలోపల చెప్పేయాలి, చెప్పేస్తే బరువు దిగిపోతుంది, కానీ మొదటి మాట ఏది అనుకుంటూనే రెడ్డెమ్మ మెత్తబడిన టమోటాను వేలికొసతో కనిపెట్టి వెనక్కి విసిరింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. గట్టివి ఒక క్రేటులోకి, పండినవి ఇంకో క్రేటులోకి, పగిలినవి వెనక్కి. మదనపల్లె మండీలో ఆమెకు పెళ్లయిన కొత్త నుంచీ ఇదే పని. గోళ్ల చుట్టూ చర్మం పులుపుకు ఉబ్బి తెల్లగా చీలికలు పడి ఉంటుంది. అన్నం కలుపుకుంటే మండుతుంది.

ఎడమ పక్కన స్వర్ణ కూర్చునే గోనెపట్ట మడతపెట్టి ఉంది. ఆమె రావడం మానేసి నెలలు గడిచినా ఆ చోటికి ఎవరూ జరగలేదు. కడుపులో గడ్డ. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పేశారు. కూతురు లక్ష్మీప్రియ ఈరోజు ఆమెను కుప్పంలోని తన ఇంటికి తీసుకుపోతోంది. మళ్లీ రాదని అందరికీ తెలుసు. నిన్ను చూసి ఓర్వలేకపోయాను అని చెప్పడానికి రెడ్డెమ్మకు మిగిలింది ఈ పూట ఒక్కటే.

ఓర్వలేనిది ఏమిటని ఎవరైనా అడిగితే ఆమె చెప్పలేకపోయేది. స్వర్ణకు ఉన్నదేమిటి? మొగుడు లోడు లారీ మీద నుంచి పడి చచ్చిపోయాడు. ఒంటిగది అద్దె ఇల్లు. రేకులు వానకు కారతాయి. రెడ్డెమ్మకు సొంత గోడలున్నాయి. తాగివచ్చినా సరే, మొగుడు గంగులప్ప ఉన్నాడు. ఫోన్ చేయకపోయినా సరే, బెంగళూరులో కొడుకు పవన్ కుమార్ ఉన్నాడు.

అంతా ఆ డబ్బా దగ్గర మొదలయింది. వాళ్ల చర్చి ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి, దేనికో ఒకదానికి దేవునికి స్తోత్రం చెప్పి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాలను చర్చికి తెస్తే పాస్టరమ్మ ఒక్కొక్కటీ గోతంలోకి వంపుతుంది. ఆ బియ్యం దిక్కులేనివాళ్లకు పోతుంది. రెడ్డెమ్మ కూడా మొదట్లో అలాగే వేసేది. ఒక సాయంత్రం గంగులప్ప వాంతిని కడిగి వచ్చి, బియ్యంలో చేయి పెట్టి, పిడికిలి మూసి, దేనికి చెప్పాలా అని వెతికింది. ఏదీ దొరకలేదు. ఎసరు మరిగిపోతోంది. పిడికిలి తెరిచి బియ్యాన్ని బియ్యంలోకే వదిలేసింది. ఆ తరువాత రోజూ వేయడం మానేసి, ఆదివారం పొద్దున చౌకబియ్యం సంచిలో నుంచి డబ్బాను అంచుదాకా ఒకేసారి నింపుకుని పోయేది.

పక్కన కూర్చున్న స్వర్ణ మాత్రం రోజంతా స్తోత్రానికి ఏదో ఒకటి పోగుచేసుకుంటూనే ఉండేది. కొళాయి నీళ్లు వచ్చాయని, బస్సులో సీటు దొరికిందని, కూరగాయలామె ఊరికే కొత్తిమీర ఇచ్చిందని. చెప్పేటప్పుడు ఆమె ముఖం ఎవరో లోపలి నుంచి తలుపు తీసినట్టు తెరుచుకునేది. రెడ్డెమ్మ ఓర్వలేకపోయింది ఆ ముఖాన్ని. నగ అయితే ఒక పెళ్లికి అడిగి పెట్టుకోవచ్చు. దీన్ని ఎలా అడగడం?

గడ్డ సంగతి తెలిసిన రోజు ఆమె స్వర్ణను పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూ ఉండగానే లోపల ఎక్కడో, చెప్పులో రాయి రాలిపోయినట్టు, చిన్న హాయి కలిగింది. ఆ హాయిని చూసి ఆమె భయపడిపోయింది. అప్పటినుంచి చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గర గిన్నె తన ముందుకు వచ్చినప్పుడల్లా, తాను తగనని, పక్కామెకు జరిపేస్తోంది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఒక్కోసారి అదే ఎక్కువ బాధగా అనిపించేది.

ఎండ నడినెత్తికి వచ్చాక మండీ యజమాని నాగరాజును అడిగి లేచింది. అతను క్రేట్ల మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"పోయిరామ్మా. ఆయమ్మ పోయినప్పట్నించి మీరంతా మొగాలు ముడుసుకోని టమోటాలను బెదిరిస్తాండారు."

స్వర్ణ గదిలో లక్ష్మీప్రియ బట్టలు సంచిలో కుక్కుతోంది. స్వర్ణ గోడ పక్కన చాప మీద ఉంది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. కళ్లు మూసుకునే నవ్వింది.

"టమోటా వాసన వస్తాండాది. రెడ్డెమ్మక్కేనా?"

రెడ్డెమ్మ పక్కన కూర్చుంది. దారి పొడుగునా కూడగట్టుకున్న మాట నాలుక మీదే ఉంది. స్వర్ణ చేయి తడుముకుంటూ తల పక్కన ఉన్న పాలపొడి డబ్బాను లాగింది.

"ఈ ఆదివారం దీన్ని నువ్వే చర్చికి ఎత్తకపో అక్కా. సగం కూడా లేదు. వండితే గదా." కొంచెంసేపు ఊపిరి కూడగట్టుకుంది. "ఇంగొగ మాట. నవ్వగూడదు. నీ డబ్బాను సూస్తే నాకు శానా కుళ్లుగా ఉండేది."

రెడ్డెమ్మ డబ్బాను ఒళ్లోకి తీసుకుని మూతను గట్టిగా నొక్కింది.

"ప్రతి ఆదివారం అంచుదాకా తెస్తావు. ఇంట్లో అన్ని బాధలు పెట్టుకోని ఈయమ్మకు ఇన్ని స్తోత్రాలు యాడ దొరకతాయబ్బా అనుకుంటా ఉంటి. నాది ఏ వారమూ నిండలా. దాంతోనే, నీళ్లొచ్చినా, ఎండొచ్చినా, ఎతుక్కోని ఎతుక్కోని వేస్తా ఉంటి. నిన్ను సూసే నేర్సుకున్యా. దేవుని ముందర ఒప్పుకున్యా. నీ ముందర ఒప్పుకోకుండా పోతే ఎట్ల?"

చెప్పి కళ్లు తెరిచింది. ఆ ముఖం ఎముకల మీద కూడా అలాగే తెరుచుకుంది.

లక్ష్మీప్రియ సంచి పట్టుకుని బయటికి పోయింది. కారు ఇంకా రాలేదు. చెప్పడానికి సమయం ఉంది, అడ్డం ఎవరూ లేరు. ఒక్క మాట. నేను ఆ బియ్యమంతా స్తోత్రం లేకుండా ఒకేసారి పోసేదాన్ని. ఆ మాట చెబితే ఈమె ఇన్నేళ్ల వెతుకులాట ఏమవుతుంది? కానీ తన నోరు మూసింది ఆమె మీద దయ కాదని, పరువని రెడ్డెమ్మకు తెలుసు.

"ఏం మాటలు స్వర్ణా ఇవి," అంది. "పండుకో."

కారు వచ్చింది. ఇద్దరూ కలిసి స్వర్ణను ఎత్తారు. ఖాళీ క్రేటును లేపినట్టు చేతులు అనుకున్నదానికంటే పైకి లేచాయి. లక్ష్మీప్రియ వేసిన కారు తలుపు సరిగ్గా పడకపోతే తనే మళ్లీ తీసి వేసింది. రెడ్డెమ్మ డబ్బాను చంకలో పెట్టుకుని మండీకి తిరిగి వెళ్లి, పొద్దుగూకేదాకా ఏరింది. గట్టివి ఒక పక్క, పండినవి ఒక పక్క. పక్కవాళ్లు అడిగితే పోయిందని మాత్రం చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి గంగులప్ప మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె ఎసరు పెట్టి, స్వర్ణ డబ్బాను తన డబ్బా పక్కన పెట్టి, గిన్నెలోకి బియ్యం కొలుస్తుండగా ఫోన్ మోగింది. లక్ష్మీప్రియ గొంతులో ఏడుపు కూడా లేదు.

"పెద్దమ్మా, పుంగనూరు దాటినాక నీళ్లు అడిగింది. తాగించినా. పలమనేరు వస్తాండాది మా అని సెప్తే పలకలా." వెనకాల ఎవరెవరివో ఏడుపులు వినిపించాయి. "ఎనక్కి తిరుక్కోకుండా ఇంటికే వచ్చేసినాము. కుప్పంలోనే మట్టి చేస్తాము."

రెడ్డెమ్మ ఫోన్ కింద పెట్టింది. కుప్పం పోవడానికి ఈ వేళప్పుడు బస్సు లేదు. ఉన్నా, పోయి ఎవరితో చెప్పాలి? హాయి కోసం లోపల వెతికింది. అది లేదు. దుఃఖం కోసం వెతికింది. అది కూడా లేదు. చీలిన గోళ్లతో బియ్యంలో చేయి పెట్టి నిలబడి ఉంది. ఎసరు మూత కొట్టుకుంటోంది.

పిడికిలి మూసింది. దేనికి? ఇన్నేళ్ల తరువాత కూడా ఏ మాటా దొరకలేదు. చివరికి పేరు ఒక్కటే వచ్చింది. స్వర్ణ, అంది మెల్లగా, గంగులప్ప వినకుండా. తన డబ్బా పక్కన ఖాళీగా ఉంది. దాన్ని ముట్టుకోకుండా, స్వర్ణ డబ్బా మూత తీసి, ఆ పిడికెడు బియ్యం అందులో వదిలింది.

గింజలు జారిన చప్పుడు వెంటనే ఆగిపోయింది. డబ్బా ఇంకా సగానికి రాలేదు. దాని మీది పాలపొడి బొమ్మలో పసిబిడ్డ ముఖం, స్వర్ణ బొటనవేలు ఆనే చోట, అరిగి అరిగి తెల్లటి రేకు బయటపడింది.