మందు గొట్టం

ఆత్మకూరు చుట్టుపక్కల ఏ బోరు మోటారు మొరాయించినా నన్నే పిలుస్తారు. అలాంటి నన్ను మా ఇంట్లో అక్వేరియం మూడు రోజులు ఏడిపించింది. ఫిల్టర్ నుంచి తొట్టిలోకి నీళ్లు తెచ్చే గొట్టం దగ్గర చుక్క చుక్కగా కారడం మొదలైంది. వాషర్ మార్చాను, టేపు చుట్టాను. చివరికి గొట్టమే వంపు దగ్గర చీలిందని తేలింది.

"నెల్లూరు పోయి కొత్తది తెచ్చుకోరాదా" అంది నా భార్య రేణుకాదేవి.

మూరెడు గొట్టం కోసం నెల్లూరు పోతే నా పరువేం కావాలి? చేజర్ల దగ్గర మా నిమ్మతోటలో పురుగుమందు కొట్టే పంపు ఉంది. దాని గొట్టం సరిగ్గా అదే సైజు. ఒక ముక్క కోసి, మూడుసార్లు కడిగి, వాసన చూసి బిగించాను. ఒక్క చుక్క కారలేదు. రేణుకను పిలిచి మరీ చూపించాను.

మర్నాడు పొద్దున ఏడు చేపలూ వెల్లకిలా తేలాయి.

నాకు చూడగానే అర్థమైంది. నోరు తెరిచేలోపే మా అమ్మాయి అశ్విత మేత డబ్బా పట్టుకుని వచ్చింది. దానికి ముందురోజే తొమ్మిదేళ్లు నిండాయి.

"నాన్నా, నిన్న నా పుట్టినరోజని రెండు చిటికెలు ఎక్కువ మేత ఏసినాను. అందుకే సచ్చిపోయినాయా?"

రేణుక నావైపే చూస్తోంది.

"ఎక్కువేస్తే అంతేమ్మా" అన్నాను. ఆ మాట అంత సులువుగా వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ రోజే నెల్లూరు వెళ్లి కొత్త గొట్టం తెచ్చాను. మందు గొట్టం ముక్కను పనిముట్ల సంచీ అడుగున దాచాను. తొట్టి బాగా కడిగి, వారం తర్వాత కొత్త చేపలు వేశాను. అశ్విత మేత డబ్బా ముట్టుకోలేదు.

"నువ్వే ఎయ్యి నాన్నా. నా చెయ్యి మంచిది కాదు."

ఆదివారం మర్రిపాడులో వాళ్ల అవ్వ మేకపిల్లకు పాలు పట్టమంటే చేతులు వెనక్కి పెట్టుకుందట. అది విన్నాక నాకు అన్నం సహించలేదు. సంచీలోంచి గొట్టం తెచ్చి అశ్విత ముందు పెట్టాను.

"చేపల్ని చంపింది నేనమ్మా. ఇది మందు గొట్టం. నీ మేత వల్ల కాదు."

అది గొట్టాన్ని తిప్పి తిప్పి చూసింది.

"నీకు ఆ పొద్దే తెలుసా?"

"తెలుసు."

ఏడవలేదు. మేత డబ్బా తీసుకుని ఒక్క చిటికె వేసి మూత బిగించింది. డబ్బాను పైన పెడదామని నేను చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

"ఇంక నువ్వు ముట్టుకోబాక నాన్నా" అంది. "ఏమన్నా అయితే మళ్లీ నేనే అంటావు."