ఏడో ఫారం

ప్రూఫులక్కను ప్రెస్సు గుమ్మం దగ్గర పట్టపగలే ఈడ్చుకెళ్ళారు. జుట్టు పట్టుకుని జీపెక్కిస్తూ ఇన్‌స్పెక్టరు, "నీ అసలు పేరేంట్రా?" అన్నాడు.

"పుస్తకం మీద అచ్చయింది, చదువుకోండి" అంది అక్క. చెంప పగిలింది.

బైండింగు గదిలోంచి పన్నెండుమంది ఆడవాళ్ళం చూస్తూ నిలబడ్డాం. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్కరమూ కదల్లేదు.

అక్క మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. మగపిల్లాడివే అని ఇంట్లోవాళ్ళు మొండికేశారు, ఆడదాన్నని తనూ మొండికేసింది. ఇల్లు పోయింది, మొండితనం మిగిలింది. తనలాంటి వాళ్ళ బతుకుల మీద నాలుగు పుస్తకాలు రాసింది. వాళ్ళ గుర్తింపు కార్డుల కోసం చెప్పులరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగింది. తను చేరదీసిన చెల్లెల్ని పోలీసులు పట్టుకెళ్ళారు; చచ్చిపోతే, స్టేషన్లో ఉరేసుకుందన్నారు. చూసినవాళ్ళను వెతికి వెతికి అక్క ఐదో పుస్తకం రాసింది. సోమవారం విచారణ అధికారి ముందు అది పెట్టకపోతే కేసు మూసేస్తారు.

పదహారు పేజీలు అచ్చయిన పెద్ద కాగితాన్ని మేం ఫారం అంటాం. ఈ పుస్తకానికి పన్నెండు ఫారాలు. ఒక్కొక్కరం ఒక్కో ఫారమే మడుస్తాం. పేజీ నంబర్లు కలిశాయా అని చూడటమే తప్ప, ఏం రాసుందో ఏనాడూ చదివిన పాపాన పోలేదు.

ఆ రోజు టీ వేళకు బైండింగు మేస్త్రి తలుపు మూశాడు. "సాయంత్రం సోదాకొస్తారంట. యాభై కాపీలే మడిచాం. దొరికితే బూడిదే. ఏం చేద్దాం?"

"ఇచ్చేద్దాం. వాళ్ళ గొడవ మన మీదికెందుకు?" అంది సణుగుడు వదిన. పొద్దున లేస్తే ఏదో ఒకటి సణుగుతుందని ఆ పేరు.

నాకు ఒళ్ళు మండింది. "కటింగు మెషిన్లో నా వేలు పోయి పరిహారం కోసం గేటు ముందు కూర్చుంటే, లాఠీలతో లేపిందెవరు వదినా? ఈ ఇన్‌స్పెక్టరే గదా. ఆ రోజు మన అర్జీ రాసిందెవరు?"

వదిన కూడా సంచి తీసింది. ఎవరి ఫారం కట్ట వాళ్ళం సంచుల్లో ఇంటికి పట్టుకెళ్ళాం. పోలీసులు వచ్చి అచ్చు ప్లేట్లు విరగ్గొట్టి, మడవని కాగితాలు తగలబెట్టారు. అక్క రాతప్రతి పట్టుకుపోయారు.

ఆదివారం కుట్టడానికి కూర్చుంటే పదకొండు కట్టలే వచ్చాయి. వదిన వంతు ఏడో ఫారం లేదు. చెల్లెలి చావు ఉన్నది అందులోనే అన్నాడు మేస్త్రి.

"పొయ్యిలో వేశా" అంది వదిన. మేస్త్రి కొట్టినంత పని చేశాడు. ఎందుకని ఎంత అడిగినా, "చదివాను గనక" అని తల దించుకుంది.

సోమవారం విచారణ గదిలో ఇన్‌స్పెక్టరు ముందు వరసలో కూర్చున్నాడు. అక్కను బేడీలతో తెచ్చారు, పెదవి వాచిపోయింది. అధికారి పుస్తకం తిరగేశాడు.

"తొంభై ఆరు తర్వాత నూట పదమూడు. చనిపోయిన రోజే లేకపోతే ఇదేం సాక్ష్యం?"

అక్క మా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

వదిన లేచింది.

"ఆ పేజీలు నేనే కాల్చానండి. అందులో నేనున్నా. స్టేషను వెనక ఇల్లు మాదే. ఆ పిల్ల గోడ దూకొచ్చి 'పిన్నీ, తలుపు తియ్యి' అంది. నేను గడియ పెట్టుకున్నా. ఎదురింటి మేడ మీదోళ్ళు అంతవరకే చూశారు, అక్క అదే రాసింది. నా పేరు మాత్రం రాయలేదు. తర్వాతది కిటికీలోంచి నేను చూశా. ఈ ఇన్‌స్పెక్టరుగారే పిల్ల గొంతు మీద కాలేసి తొక్కాడు. ఉరేసుకోలేదండి."

ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. "ఇవాళ ఇంటికెళ్ళాక నీ గతేంటో తెలుసా?"

"తెలుసండి. మీ గోడ పక్కనే గదా కాపురం, రోజూ వింటూనే ఉన్నా" అంది వదిన. అధికారి వైపు తిరిగి, "మీరు రాసుకోండి" అంది.

మిగతా పదకొండుమందిమీ లేచి ఆమె చుట్టూ నిలబడ్డాం. బయట జీపులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతున్నాయి. కూర్చోమని అధికారి మూడుసార్లు చెప్పాడు. మాలో ఎవరమూ కూర్చోలేదు.